మెట్ల కింది మనిషి, మామిడి కొత్త

మొన్న మార్చిలో అరకు శుక్రవారం సంతలో కొండచీపుర్లు బేరం చేస్తూ, పక్క దుకాణంలో కొన్న పచ్చిమామిడి ముక్కలు ఉప్పూ కారం అద్దుకుని తింటున్నాను. చీపుర్లమ్మే ఆవిడ నా చేతివైపే చూస్తోంది. మనిషి చూస్తుండగా ఒక్కదాన్నే తినడం ఏం మర్యాద అని ఓ ముక్క ఆమెకీ ఇవ్వబోయాను. ఆమె చెయ్యి గబుక్కున వెనక్కి తీసుకుంది.

"ఒద్దమ్మా. మాకింకా కొత్త అవనేదు" అంది.

నాతో వచ్చిన పాత ఆఫీసు స్నేహితురాళ్ళు మొహాలు చూసుకున్నారు. నాకు మాత్రం నోట్లో ఉన్న ముక్క మింగుడు పడలేదు. కొత్త అంటే ఏమిటో నాకు తెలుసు. కొండల్లో చెట్టు మొదటి కాపు కాస్తే ముందు ఊరి దేవతకీ, తర్వాత ఇంట్లో చనిపోయిన పెద్దలకీ పెట్టాలి. పెద్దలు వచ్చి తిన్నాకే బతికున్నవాళ్ళు నోట పెట్టుకోవాలి. ఆ రోజు ఎప్పుడో దిసారి, అంటే తిథులు చూసి చెప్పే ఊరి పెద్ద, చెబుతాడు. ఇదంతా నాకు అరకులో ఎవరూ చెప్పలేదు. విశాఖపట్నంలో, అల్లిపురంలో, మా నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ మెట్ల కింది గదిలో ఉండే మనిషి చెప్పింది.

ఆ మనిషి పోయి నాలుగేళ్ళయింది. ఆ మెట్లు కూడా ఇప్పుడు లేవు.

మా అపార్ట్‌మెంట్ ఎలాంటిదంటే, రెండు పాత పెంకుటిళ్ళ మధ్య ఇరుక్కుని ఊపిరి బిగపట్టి నిలబడ్డట్టుండేది. ఎదురుగా పిండిమర, దాని పక్కన టైలరు కొట్టు, ఆ సందు చివర రైల్వే స్టేషన్ వైపు వెళ్ళే మెట్ల వంతెన. పిండిమర ఆడినంతసేపూ మా కిటికీ అద్దాలు సన్నగా వణికేవి. లిఫ్టు నెలలో పదిరోజులు పనిచేసేది. గేటు లోపల మిగిలిన కాస్త మట్టిలో ఒక మామిడి చెట్టు. దాని నీడలో ఎవరి స్కూటరు పెట్టుకోవాలన్నది అసోసియేషన్ మీటింగుల్లో ప్రతిసారీ మొదటి అంశం.

ఆ అసోసియేషన్ సెక్రటరీని నేనే. షిప్పింగ్ ఆఫీసులో గుమస్తాగిరీ చేసిన చెయ్యి, నోటీసు రాయకుండా ఉండలేను. మెట్ల మీద ఉమ్మరాదు. డాబా మీద వడియాలు పెట్టువారు ముందుగా తెలుపవలెను. మోటారు పొద్దున ఆరింటికి వేసి ఏడింటికి కట్టవలెను. ఇంత పెద్ద ఊళ్ళో నా మాట చెల్లేది ఆ నాలుగు అంతస్తుల్లోనే కాబట్టి అక్కడ గట్టిగానే చెల్లించుకునేదాన్ని.

ఆ మెట్ల కింది మనిషి భర్తతో కలిసి కొండ దిగి వచ్చింది. వాచ్‌మన్ ఉద్యోగం అతనిది. రెండేళ్ళు తిరక్కుండా అతను జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు, కొండమీద భూమి లేదు, ఉన్నదల్లా అన్నగారి కూతురొకత్తె. ఆమెనే ఉండిపొమ్మన్నాం. ఉద్యోగం పేరు మాత్రం మార్చలేదు. నాలుగో అంతస్తు పిట్టగోడ మీంచి "వాచ్‌మన్!" అని ఒక్క కేక వేస్తే చాలు, కింద నుంచి "వత్తన్నానమ్మా" అని వినపడేది. నా కేకకి రెండోసారి పిలిపించుకున్న రోజు ఒక్కటీ నాకు గుర్తులేదు.

ఆమె నన్ను "గట్టు మీదమ్మా" అనేది.

"గట్టేమిటి? ఇది ఫోర్త్ ఫ్లోర్" అన్నాను మొదట్లో.

"ఎక్కితే ఆయాసం ఒచ్చీదాన్ని మేం గట్టంటామమ్మా" అంది.

లిఫ్టు చచ్చినా ఎక్కేది కాదు. కొండచీపురు పట్టుకుని పైనుంచి కిందికి మెట్లు ఊడుస్తూ దిగేది. ముక్కుకి మూడు పోగులు, మోకాళ్ళ కిందికి కట్టిన చీర, నోట్లో అడ్డపొగ. చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని తాగుతూనే మాట్లాడేది. నిప్పు నోట్లో ఉన్న మనిషి అంత చల్లగా ఎలా మాట్లాడుతుందో నాకు అర్థమయ్యేది కాదు.

పొద్దున్నే మెట్లు దిగుతున్న ప్రతివాళ్ళనీ ఒకటే అడిగేది. "ఏటి కలొచ్చింది?"

టిఫినైందా, ఎండ ఎలా ఉంది, ఇవేవీ కాదు. కల. ఆఫీసుకి ఆలస్యమై షూ లేసు కట్టుకోకుండా పరిగెత్తే రెండో అంతస్తు బ్యాంకు ఆయన కూడా ఆగి, "రైలు తప్పిపోయినట్టు వచ్చిందే" అని చెప్పి పోయేవాడు. ఆమె తల ఊపి, "రైలే కదా, మళ్ళీ వత్తాది. ఎల్లు" అనేది. కొన్నాళ్ళకి కలలు రానివాళ్ళు కల్పించి చెప్పడం మొదలుపెట్టారు. ఆమెకి తెలిసిపోయేది. "అది కలగాదు, సినిమా" అని చీపురు విదిలించేది.

నాకు కలలు రావు. ఆ మాటే చెప్పాను. జాలిగా చూసింది.

"నాకు రేతిరి రొండొచ్చినాయి. ఒకటి నువ్వట్టుకెల్లమ్మా" అని, మంచులో ఆవులు నడిచి వెళుతుంటే గంటల చప్పుడు తప్ప ఆవులు కనపడని కల నాకిచ్చింది. నవ్వుకున్నాను. కానీ ఆ రోజంతా ఆఫీసులో కాగితాలు తిప్పుతుంటే ఆ గంటలు ఎక్కడో మోగుతూనే ఉన్నాయి. తర్వాత తర్వాత పొద్దున్నే నేనే ఆగి, "నాకేమైనా ఉంచావా?" అని అడిగేదాన్ని. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఇంట్లో నేను రోజూ ఎదురుచూసింది ఆ ఒక్కదానికే.

వాన వెలిసిన సాయంత్రాలు డాబా మీదికి వచ్చేది. నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి పడమటి దిక్కుకి చెయ్యి చాచేది. సింహాచలం కొండ వెనక నీలంగా ఇంకో గీత, దాని వెనక ఇంకా పల్చగా మరో గీత కనపడేవి. "అదిగో దానెనకది. దానెనకది. దానెనకది మాది" అనేది. మూడో గీత తర్వాత నాకు ఆకాశమే కనపడేది. ఆమెకి ఊరు కనపడేది. ఎవరి పొయ్యి వెలిగిందో కూడా చెప్పేది. నేను కాదనలేదు.

ఇక మామిడి సంగతి. వాళ్ళు వచ్చిన మొదటి ఉగాదికి గిన్నెడు పచ్చడి చేసి, స్టీలు గ్లాసులో మెట్ల కిందికి నేనే పట్టుకెళ్ళాను. భర్త బజారుకి వెళ్ళాడు. ఆమె రెండు చేతులతో అందుకుని సగం తాగి, పెదాలు చప్పరించింది.

"పులుపేటమ్మా? సింతపండేనా?"

"చింతపండూ ఉంది, మామిడికాయా ఉంది. మన చెట్టుదే!" అన్నాను గొప్పగా.

ఆమె మొహంలో రంగు పోయింది. గ్లాసు కింద పెట్టి, మెట్టు మీద కూలబడి, "తినీసినాను. కొత్త అవకుండా తినీసినాను" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. పెద్దలకంటే ముందు తినేశానని ఆమె పడిన భయం చూసి, పచ్చడిలో ఏం వేశానో ఎందుకు వాగానా అనుకున్నాను.

మర్నాడు ఉదయం ఆఫీసుకి దిగుతుంటే మెట్ల కింద నుంచి గొంతు వినపడింది. తొంగి చూశాను. అడ్డాకు మీద కాస్త అన్నం, పక్కన మామిడి ముక్కలు. ఎదురుగా మొగుడూ పెళ్ళాలు. ఆమె కళ్ళు మూసుకుని, చనిపోయిన అమ్మనీ నాన్ననీ అత్తమామల్నీ పిలుస్తోంది. వట్టినే పిలిస్తే ఈ ఊళ్ళో దారి దొరుకుతుందా? అందుకని దారి చెబుతోంది.

"రైలెక్కండి. సీకటి గుహల్లోంచి ఎల్తాది, భయపడకండి, సివరికి ఎలుగొత్తాది. ఇశాపట్నంలో దిగండి. ఎర్రసొక్కాలోలు సామాను మోత్తామంటారు, పలక్కండి. మెట్ల వంతెన దాటండి. పిండిమర సప్పుడు ఇనపడతాది, దాన్నట్టుకుని రండి. మిషను కొట్టోడు రవికలు ఏలాడదీసుంటాడు, ఆటికి మొక్కకండి, అయి దేవతలు కాదు. ఎడం సేతికి గేటు. లిఫ్టెక్కకండి, నడుమ ఆగిపోతాది, ఎవులూ తలుపు తియ్యరు. మీరు ఎక్కక్కర్నేదు. మెట్ల కిందే ఉన్నాం మేం."

నవ్వొచ్చింది. చప్పుడు చెయ్యకుండా వాళ్ళని దాటి వెళ్ళాను. గేటు దగ్గర నా అంతట నేనే పక్కకి జరిగి నిలబడ్డాను, ఎవరో లోపలికి వస్తుంటే దారి ఇచ్చినట్టు. ఎవరూ లేరు. ఆఫీసుకి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను.

ఆ సాయంత్రం నోటీసు బోర్డు మీద కొత్త కాగితం అంటించాను. "కొత్త అయ్యేవరకు చెట్టు మామిడికాయలు కోయరాదు - సెక్రటరీ." చాలామంది అది మున్సిపాలిటీ వాళ్ళ కొత్త రూలనుకున్నారు. నేనూ కాదనలేదు. అప్పట్నించి ఉగాది పచ్చడికి అందరూ పూర్ణా మార్కెట్ నుంచి కాయలు తెచ్చుకున్నారు.

ఇంత మంచిదాన్ని కదా అనుకోకండి. అసలు తప్పు చెప్పనిచ్చారు కాదు.

భర్త పోయాక ఏటా మాఘం దాటగానే ఆమె నాలుగంతస్తులు ఎక్కి వచ్చి నా గుమ్మంలో నిలబడేది. "గట్టు మీదమ్మా, కొత్తకి మూడ్రోజులు ఎల్లొత్తాను." నేను ప్రతిసారీ ఒకటే అనేదాన్ని. "వెళ్ళొచ్చులే. మరి మోటారు ఎవరు కడతారు?" వేసవి ముందు నీళ్ళు గంటే వచ్చేవి. సంపులోంచి ట్యాంకుకి ఎక్కించి వేళకి కట్టకపోతే నీళ్ళన్నీ డాబా మీంచి పారిపోయేవి. ఆమె కాసేపు ఆలోచించి, "నిజివే. మోటారెవులు కడతారు" అని, నా ప్రశ్నని తన ప్రశ్న చేసుకుని దిగిపోయేది. మెట్ల కిందే అడ్డాకు పరిచేది. పదహారేళ్ళు ఇదే తంతు. మీట నొక్కడం నాకు రాదా? వచ్చు. ఆరింటికి లేవడం బద్ధకం, అంతే.

చివరి ఏడు మాత్రం ఆమె వెంటనే దిగిపోలేదు. గుమ్మం పట్టుకుని నిలబడింది.

"బతికున్నన్నాళ్ళూ నానే పెట్టుకుంతన్నాను. సచ్చాక టౌన్లో నాకెవులు కొత్త పెడతారమ్మా? మావోలు పిలిత్తే ఇనపడాల. దారి ఎరక్కపోతే ఏటి సేత్తాను? ఈ మెట్ల కిందే కూకుంటానేటి, మామిడికాయ ముక్కకి మొగం వాసిపోయి?"

"ఊరుకో. అలాంటిదేమైనా అయితే నిన్ను మీ కొండకి పంపిస్తాను. నా పూచీ" అన్నాను.

ఆమె నమ్మింది. సెక్రటరీ మాట కదా.

ఆ వానాకాలమే పోయింది. నాలుగు రోజులు వదలని వాన. సెల్లారులో మోకాల్లోతు నీళ్ళు. ఆమె ఒంట్లో బాగాలేదని చెప్పిన సాయంత్రమే ఆసుపత్రికి తీసుకెళ్ళాం, తెల్లారి ప్రాణం పోయింది. మేనకోడలికి ఫోను చేశాను. ఘాట్ రోడ్డు మీద బండలు పడ్డాయి, రైలు ఆగిపోయింది, రెండ్రోజులు పడుతుంది ఉంచమంది. ఉంచడానికి చోటేది అన్నారు మా వాళ్ళు. పిల్లలు భయపడతారన్నారు. అందరూ నా వైపు చూశారు. నోటీసు మీద సంతకం పెట్టినంత తేలిగ్గా తల ఊపాను. మధ్యాహ్నానికి ఊరి శ్మశానంలోనే అంతా అయిపోయింది.

మేనకోడలు మూడో రోజు తడిసిన చీరతో వచ్చింది. మెట్ల కింది గదిలో కాసేపు కూర్చుంది. తిట్టలేదు. ఆ ఇంటి ఆడవాళ్ళకి తిట్టడం ఎవరూ నేర్పలేదేమో. వెళుతూ వెళుతూ, "అత్త ఏ దారంట టేసనుకి నడిసీదమ్మా?" అని అడిగి, వేళ్ళ మీద గుర్తులు లెక్కపెట్టుకుంది. మామిడి చెట్టు, టైలరు కొట్టు, పిండిమర, మెట్ల వంతెన. "కొత్తకి ఒకసారి రామ్మా" అంది. వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళతాను?

నిరుడు అపార్ట్‌మెంట్‌ని కొత్తగా కట్టాలని కూలగొట్టారు. నేను పెందుర్తిలో అద్దెకి దిగాను. ఆ మధ్య పనిమీద అటు వెళితే, రేకుల కంచె వెనక పెద్ద గొయ్యి, అందులోంచి పైకి చూస్తున్న ఇనప చువ్వలు.

సంతలో చీపుర్ల ఆవిడ అన్న మాటకి ఇదంతా ఒక్కసారిగా పైకి వచ్చింది. మా మెట్ల కింది మనిషి ఊరి పేరు చెప్పి, "అక్కడ కొత్త ఎప్పుడో తెలుసా?" అని అడిగాను.

"మా పక్కూరే. ఆదివారం పెట్టినాడు దిసారి" అంది.

స్నేహితురాళ్ళని సాయంత్రం బస్సు ఎక్కించి నేను ఉండిపోయాను. ఆదివారం పొద్దున్నే డుంబ్రిగుడ వైపు జీపెక్కి, దిగాక కాఫీ చెట్ల మధ్య గట్టు ఎక్కాను. మంచు ఇంకా విడలేదు. ఎక్కడో ఆవుల మెడ గంటలు మోగుతున్నాయి, ఆవులు మాత్రం కనపడలేదు. పద్దెనిమిదేళ్ళ కిందట ఆమె నాకిచ్చిన కలలో నడుస్తున్నానని తెలిసింది.

మేనకోడలు నన్ను చూడగానే గుర్తుపట్టింది. కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళిచ్చి అడిగింది. "ఏటి కలొచ్చింది?" అది ఆ ఇంటి పలకరింపని అప్పుడు తెలిసింది.

ఇంటి మధ్య గుంజ దగ్గర అడ్డాకులు పరిచారు. అన్నం, మామిడి ముక్కలు. ఒక్కొక్క పెద్దనీ పిలిచి, ఒక్కో ఆకు దగ్గర నీళ్ళు వదిలారు. చివరి ఆకు దగ్గర మేనకోడలు కళ్ళు మూసుకుంది.

"మెట్ల కిందనుంచి లే అత్తా. గేటు దాటు. మామిడి సెట్టు నీ యెనక. కుడిసేతికి తిరుగు, మిషను కొట్టు. పిండిమర సప్పుడు ఇనపడతాది..."

వేళ్ళ మీద లెక్కపెట్టుకున్న ఒక్క గుర్తూ మర్చిపోలేదు. నేను ఉండబట్టలేకపోయాను.

"అవేవీ లేవమ్మా. ఇల్లు పడగొట్టేశారు. చెట్టు కొట్టేశారు. పిండిమర మూసేశారు."

ఆమె కళ్ళు తెరిచింది.

"ఎప్పుడు?"

"నిరుడు, సంక్రాంతి వెళ్ళాక."

"అయితే నిరుటి కొత్తకి అత్త రానేదేటి?" అంది. "తినీసినాం కదమ్మా మేం. అత్త ఒచ్చిందనుకుని తినీసినాం."

ఉగాది నాటి ఆ మొహమే మళ్ళీ చూశాను. రెండుసార్లూ కారణం నేనే. "తప్పంతా నాదే. పంపిస్తానని మాటిచ్చి పంపలేదు. బతికుండగా కూడా పంపలేదు" అన్నాను. ఏడుస్తూనే అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని గుంజ దగ్గరకి లాగింది. "మరైతే నువ్వు పిలమ్మా. నీ కేక అత్తకెరుక. ఒక్క కేకకే పలికీదట కదా."

నోరు తెరిచాను. "వాచ్‌మన్" అని రాబోయింది. ఆగాను.

"మీ అత్త పేరేమిటి?" అని అడిగాను. అన్నేళ్ళలో మొదటిసారి అడిగాను. చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను. అన్నాళ్ళూ అడగనిదాన్ని, ఇప్పుడు పదిమందిలో చెప్పుకునే హక్కు నాకు లేదు.

గుమ్మం బయటికి వచ్చి, లోయ వైపు తిరిగి, నాలుగో అంతస్తు పిట్టగోడ మీంచి పిలిచేంత గట్టిగా ఆ పేరు పెట్టి పిలిచాను.

"ఇల్లు లేదు, ఇంక అక్కడ కూర్చోకు. రేకుల కంచె పక్కనుంచి రా. పిండిమర చప్పుడు వినపడదు, దానికోసం ఆగకు. టైలరు కొట్టులో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు, లైట్లు ఎక్కువ, తల దించుకుని నడువు. మెట్ల వంతెన ఉంది. దాన్ని ఎవరూ కూల్చలేదు. పొద్దున్నే రైలుంది. చీకటి గుహలొస్తాయి, భయపడకు, చివరికి వెలుగొస్తుంది."

ఇంకేదో మిగిలింది. ఆమె మెట్ల కిందే నిలబడి ఆ ఒక్క మాట కోసమే చూస్తోందనిపించింది.

"మోటారు నేను కట్టేస్తాలే. నువ్వు రా."

లోయలో మంచు కదులుతోంది. అందరం మళ్ళీ గుంజ దగ్గరికి వెళ్ళాం. తర్వాత మేనకోడలు ఆ చివరి ఆకులోంచి ఒక ముక్క తీసి నా చేతిలో పెట్టి, "తినమ్మా" అంది.